నడుస్తూ నడుస్తూ ఆగిపోయే పాత ట్రాక్టరు



పాత ట్రాక్టరు కొన్న ఇంట్లో మొదటి నెల పెళ్ళి సందడిలా గడుస్తుంది. రెండో నెలలో దమ్ము మొదలవుతుంది. పొద్దున్నే ఎక్కి తాళం తిప్పితే చక్కగా స్టార్టవుతుంది. రెండు మడులు దమ్ము చేస్తుంది. మూడో మడి నడిమధ్యకు వచ్చేసరికి ఇంజను చప్పుడు తగ్గుతుంది, పెరుగుతుంది, మళ్ళీ తగ్గుతుంది, ఆగిపోతుంది. పావుగంట కూర్చుని తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ లేస్తుంది. మెకానిక్కును పిలిపిస్తే ఆయన వచ్చిన వేళకు భేషుగ్గా నడుస్తుంది. ఆయన గట్టు దాటి వెళ్ళాక మళ్ళీ మొదటికొస్తుంది.

పూర్తిగా చెడిపోయిన బండితో ఇంత బాధ లేదు. అది కదలదు కాబట్టి షెడ్డుకు చేరుస్తాం, ఏదో ఒకటి తేలుతుంది. అప్పుడప్పుడూ ఆగే బండి అలా కాదు. అటు పని కానివ్వదు, ఇటు రోగం చెప్పదు. మడిలో నీరు ఇంకిపోతూ ఉంటుంది, నారు ముదురుతూ ఉంటుంది, నాట్లకు వచ్చిన కూలీలు గట్టు మీద కూర్చుని ఉంటారు. ఆ తొందరలో ఎవరో ఒకరు “పంపు పోయింది, విప్పాల్సిందే” అంటారు. పంపు విప్పి పట్నం పంపడమంటే వేలల్లో ఖర్చు, వారం పదిరోజుల ఆలస్యం. తీరా బిగించాక కూడా బండి ఆగుతూనే ఉంటే, అసలు తప్పు ట్యాంకు మూతలో ఉందని తరువాతెప్పుడో తెలుస్తుంది. ఇట్టి నష్టం లేకుండా, చేతిలో రెండు పానాలు, ఒక గాజు సీసా, ఒక చిన్న బల్బు పెట్టుకుని రైతు తానే ఎంతవరకు కనిపెట్టగలడో ఈ వేళ చెప్పుకుందాం.

ముందు ఇంజను ఎలా బతుకుతోందో రెండు మాటలు. డీజిలు అనేది మొదట నూనె పేరు కాదు, మనిషి పేరు. రుడాల్ఫ్ డీజిల్ అనే ఆయన 1897లో జర్మనీలో ఈ తరహా ఇంజనును సవ్యంగా నడిపి చూపించాడు. ఇందులో పెట్రోలు బండిలో మాదిరి నిప్పురవ్వ వేసే ప్లగ్గు ఉండదు. సిలిండరులోకి పీల్చిన గాలిని పదహారు, పద్దెనిమిదో వంతుకు బిగించి నొక్కేసరికి అది మండిపోయేంత వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నాజిలు ద్వారా డీజిలును మంచు తుంపరలాగా చిమ్మితే అంటుకుంటుంది. కాబట్టి దీనికి కావలసినవి రెండే: శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిలు. ఆగిపోయిన ఇంజనుకు ఈ రెండింటిలో ఏదో ఒకటి అందలేదు, లేదా లోపల ఇనుము వేడికి పట్టేసింది. ఇంతకు మించి కారణాలు చాలా తక్కువ.

డీజిలు వచ్చే దారిని మనసులో పెట్టుకోండి. ట్యాంకు, దాని కింద కుళాయి, అక్కడినుండి సన్నని గొట్టం, చెత్త దిగే గిన్నె, డీజిలును లాగి ముందుకు తోసే చిన్న ఫీడు పంపు, ఒకటో రెండో ఫిల్టర్లు, ఆ తరువాత పెద్ద పంపు. పెద్ద పంపునుండి సిలిండరుకొకటి చొప్పున ఉక్కు గొట్టాలు నాజిళ్ళకు పోతాయి. నాజిళ్ళ దగ్గర మిగిలిన డీజిలు మరో సన్నని గొట్టం ద్వారా వెనక్కు వస్తుంది. మన పల్లెల్లో తిరిగే పాత బండ్లన్నీ దాదాపుగా ఈ మాదిరివే. 2023 జనవరి నుండి 50 అశ్వశక్తికి పైబడిన కొత్త ట్రాక్టర్లకు పొగ నిబంధనలు బిగించిన పిమ్మట వాటిలో కంప్యూటరుతో నడిచే పంపులు వచ్చాయి. వాటి సంగతి వేరు. వాటి గొట్టాలు మీరు విప్పకూడదు, కంపెనీ మనిషి మీటరు పెట్టి చూడాల్సిందే.

ఇప్పుడు అసలు సంగతి. పానా పట్టుకునే ముందు నాలుగు రోజులపాటు ఒక కాగితం, పెన్సిలు జేబులో ఉంచుకోండి. బండి ఆగిన ప్రతిసారీ రాయండి. స్టార్టయిన ఎంతసేపటికి ఆగింది? ట్యాంకులో నూనె ఎంత ఉంది? బరువు లాగుతుండగానా, ఊరికే తిరుగుతుండగానా? గతుకులోనా, వాలులోనా? పొగ ఏ రంగు? ఆగాక ఏం చేస్తే లేచింది? వీటికన్నా ముఖ్యం ఒకటుంది: ఎలా ఆగింది? దీపం ఆర్పినట్టు టక్కున ఆగిందా, దగ్గుతూ దగ్గుతూ ఆగిందా, నల్లపొగ కక్కి ఆగిందా, మూలుగుతూ బరువెక్కి ఆగిందా? ఈ నాలుగూ నాలుగు వేరువేరు రోగాలు. వైద్యుడు నాడి చూడకుండా మందియ్యడు గదా. దీనికి నాడి ఈ కాగితమే. చాలామంది దీన్ని చాదస్తమనుకుంటారు గాని, నా మట్టుకు నేను పానాల పెట్టె కన్నా దీన్నే ముందు అడుగుతాను.

దగ్గుతూ ఆగే బండ్లే ఎక్కువ. దానికి డీజిలు చాలడం లేదని అర్థం. చాలకపోవడానికి కారణం చాలాసార్లు కాణీ ఖర్చు లేనిది.

ట్యాంకు మూతతో మొదలుపెట్టండి. ట్యాంకులోనుండి నూనె బయటకు పోతుంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. చెంబు మూతి అరచేత్తో మూసి, అడుగున చిల్లు పెడితే నీళ్ళు ఎలా నిలిచిపోతాయో, మూతలో ఉన్న సన్నని రంధ్రం దుమ్ముతో, గ్రీజుతో పూడిపోతే డీజిలు అలాగే నిలిచిపోతుంది. బండి అరగంటో గంటో బాగానే నడుస్తుంది, పిమ్మట దగ్గి ఆగిపోతుంది. కాసేపటికి గాలి ఏ సందునో దూరి మళ్ళీ స్టార్టవుతుంది. దీన్ని పట్టుకోవడం ఎంత తేలికంటే, ఆగిన వెంటనే మూత విప్పి చెవి దగ్గర పెట్టి వినండి. బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు వస్తే దొంగ దొరికినట్టే. మూతను కిర్సనాయిల్లో కడిగి, సన్నని తీగతో రంధ్రం తెరవండి. పాత బండ్లలో అసలు మూత పోయి, ఎక్కడిదో మరో మూత బిగించి ఉంటారు. దానికి రంధ్రమే ఉండకపోవచ్చు. అదీ చూసుకోండి. మూత తీసేసి గుడ్డ కుక్కి నడపడం మాత్రం వద్దు. దాని కథ వేరే రోగానికి దారి.

రెండోది తేలే చెత్త. ట్యాంకులో ఓ ఆకో, డబ్బా సీలు తాలూకు రేకు ముక్కో, గుడ్డ పీలికో పడి ఉంటుంది. ఇంజను నూనె లాగుతున్నప్పుడు అది మెల్లగా కొట్టుకువచ్చి గొట్టం మూతికి అడ్డం పడుతుంది. ఇంజను ఆగుతుంది. లాగుడు ఆగగానే అది పక్కకు తేలిపోతుంది. మీరు స్టార్టు చేస్తారు, లేస్తుంది. మళ్ళీ ఎప్పుడు అడ్డం పడుతుందో దానికే తెలియాలి. ఇట్టి చెత్త మెకానిక్కులను సయితం నెలల తరబడి ఏడిపిస్తుంది. దీనికి పరీక్ష ఏమిటంటే, ట్యాంకు కుళాయి దగ్గర గొట్టం విప్పి, నూనెను ఒక శుభ్రమైన డబ్బాలోకి పట్టండి. ధార ఒకే లావున అయిదు నిమిషాలపాటు పడాలి. నడుమ సన్నబడితే ట్యాంకు దించి కడగవలసిందే.

ఇంకో ఉపాయం కూడా ఉంది. అయిదు లీటర్ల డబ్బాలో వడకట్టిన డీజిలు పోసి, ట్యాంకు ఎత్తులో పొగగొట్టానికి దూరంగా గట్టిగా కట్టి, దానినుండి ఒక కొత్త హోసును నేరుగా ఫీడు పంపుకు కలపండి. చేతిపంపు కొట్టి గాలి తీసి, రోజూ ఎంతసేపటికి ఆగుతుందో అంతసేపు ఖాళీ మడిలో బరువు లాగించండి. ఆగకపోతే తప్పు ట్యాంకుకు, ఫీడు పంపుకు నడుమ ఉంది. ఆగితే అక్కడినుండి ముందుకు ఉంది. సగం బండిని ఒక్క దెబ్బతో వదిలేయవచ్చు. ఇంత చవక పరీక్ష మరొకటి నాకు కనపడలేదు.

ఇక గాలి పట్టడం. మన వాళ్ళు ఎయిరు పట్టిందంటారు. డీజిలు నలగదు, గాలి నలుగుతుంది. పెద్ద పంపు ముందుకు తోసినపుడు గొట్టంలో బుడగ ఉంటే, ఆ బలమంతా బుడగను నలపడానికే సరిపోయి నాజిలు తెరుచుకోదు. నాజిలు తెరుచుకోవాలంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 200 కిలోల ఒత్తిడి కావాలి మరి. అందుచేత పిసరంత గాలి అయిదు క్వింటాళ్ళ ఇంజనును ఆపేస్తుంది.

గాలి ఎక్కడినుంచి దూరుతుందో కనిపెట్టడంలో ఒక మెలిక ఉంది. నూనె కారుతున్న చోటే తప్పు ఉంటుందని అందరూ అనుకుంటారు. ఫీడు పంపు దాటిన తరువాత అది నిజమే, అక్కడ ఒత్తిడి ఉంది గనుక చిల్లుపడితే నూనె బయటికి వస్తుంది. ఫీడు పంపుకు ముందు భాగంలో మాత్రం పంపు నూనెను లాగుతోంది. అక్కడ చిల్లుంటే నూనె బయటికి రానక్కరలేదు, గాలి లోపలికి పోతుంది. పైకి పొడిగా, తళతళలాడుతూ కనపడే జాయింటే దొంగ కావచ్చు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు నూనె బరువు వల్ల గాలి దూరదు, సగానికి దిగాక దూరుతుంది. అందుకే కొన్ని బండ్లు పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం మొరాయిస్తాయి. యజమాని ఎండ వల్ల అనుకుంటాడు. మీ కాగితంలో నూనె మట్టం రాయమన్నది ఇందుకే. నాలుగుసార్లూ సగానికి దిగాకే ఆగిందని తేలితే, ముందుభాగంలోని గొట్టాలు, వాషర్లు చూడండి.

రబ్బరు హోసు పైకి బాగానే ఉండి లోపల పొరలు లేచి ఉండవచ్చు. లాగినప్పుడు ఆ పొర తలుపులా మూసుకుంటుంది. దాన్ని వంచి చూడండి, పగుళ్ళు కనపడితే మార్చండి. ఖరీదు స్వల్పం. చెత్త గిన్నె కింది రబ్బరు చుట్ట గట్టిపడి ఉంటుంది. ఫిల్టరు మార్చినప్పుడు పాత చుట్ట పైన అతుక్కుని ఉండిపోతే, దాని మీదే కొత్తది పెట్టి బిగించేవాళ్ళున్నారు. రెండు చుట్టలు ఒకదానిమీద ఒకటి ఎన్నడూ అతకవు. జాయింట్లలోని రాగి వాషర్లు ఒకసారి నలిగాక గట్టిపడతాయి. కొత్తవి దొరకని వేళ పాతదాన్ని నిప్పుల్లో ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి మళ్ళీ ఒదుగుతుంది. కమ్మరి ఎరిగిన విద్యే ఇది. పానా మీద బలమంతా వేసి బిగిస్తే కారడం ఆగుతుందనుకోవద్దు, మర అరిగి ఇంకా పాడవుతుంది.

తప్పు సరిచేశాక గాలి తీయాలి. దీనికి వరుస తప్పకూడదు. ట్యాంకు వైపునుండి నాజిళ్ళ వైపుకు పోవాలి. ట్యాంకులో నూనె సరిపడా ఉంచి, కుళాయి తెరిచి, మొదటి ఫిల్టరు పైనున్న గాలి స్క్రూ రెండు చుట్లు వదులు చేయండి. ఫీడు పంపు మీది చేతిపంపు కొడుతూ ఉంటే ముందు నురగ, తరువాత బుడగలు, ఆ పైన గాజులా తేటగా నూనె వస్తుంది. నూనె వస్తుండగానే స్క్రూ బిగించండి. రెండో ఫిల్టరుకు, ఆ తరువాత పెద్ద పంపుకు ఇలాగే చేయండి. చాలా బండ్లు ఇంతటితో లేస్తాయి. లేవకపోతే నాజిళ్ళ దగ్గర నట్లు ఒక చుట్టు వదులు చేసి, గేరు తటస్థంలో ఉంచి, స్టార్టరు తిప్పించండి. పది సెకండ్లకు మించి ఏకబిగిన తిప్పవద్దు, నడుమ నడుమ మోటారును చల్లారనివ్వండి. నూనె చిమ్మడం మొదలవగానే బిగించండి. చేతిపంపు ఎంత కొట్టినా బుడగలు ఆగకుండా వస్తూనే ఉంటే గాలి ఇంకా ఎక్కడో దూరుతున్నట్టే. ఆ బండిని గాలి తీసి మడిలోకి దింపడం వృథా ప్రయాస.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా నాజిలు గొట్టాల దగ్గర వేలు పెట్టి కారుతోందేమోనని తడమవద్దు. ఆ ఒత్తిడికి కంటికి కనపడని ధార చర్మాన్ని సూదిలా చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చీమ కుట్టినంత గుర్తు కూడా ఉండదు, మొదట్లో నొప్పీ పెద్దగా ఉండదు. లోపల మాత్రం కండ కుళ్ళి వేలు, చెయ్యి తీసేయవలసి రావచ్చు. ఇట్లా జరిగితే పసుపు అద్ది ఊరుకోకుండా, తత్క్షణం పెద్దాసుపత్రికి వెళ్ళి, డీజిలు ఒత్తిడితో లోపలికి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. కారుతోందో లేదో చూడాలంటే ఇంజను ఆపి తుడిచి, మళ్ళీ నడిపి, ఒక అట్టముక్కను దూరంగా పట్టుకుని చూడండి.

నూనెలో నీళ్ళు పడినా బండి దగ్గుతుంది. గొట్టం గుండా పోయే తెల్లపొగ, టపటపమనే కొట్టుడు దానికి గుర్తులు. నీరు ఎవరో పోయనక్కరలేదు. రాత్రంతా సగం ఖాళీగా ఉన్న ట్యాంకులోని గాలి చల్లబడితే గోడలకు చెమట పడుతుంది. చెమట కిందికి జారి అడుగున చేరుతుంది, నీరు డీజిలు కన్నా బరువు గదా. అందుకని పొద్దుగూకాక, పని ముగిశాక ట్యాంకు నింపడం మేలు, పొద్దున్నే కాదు. తెల్లవారుజామున బండి కదిలించకముందే గిన్నె కింది స్క్రూ తీసి కొద్దిగా నూనెను గాజుసీసాలోకి పట్టి పదినిమిషాలు నిలబెట్టండి. అడుగున వేరే పొర కనపడితే అది నీరు. నీటికీ నూనెకూ నడుమ నల్లని జిగురు కనపడితే ట్యాంకులో నాచులాంటిది పెరుగుతోందన్నమాట, కడగాలి.

ఇంటి దగ్గర పీపాలో డీజిలు నిలవచేసేవారు జస్తా పూత వేసిన రేకు డబ్బాలు వాడవద్దు. డీజిలుకు జస్తాకు పడదు, ఆ పూత కరిగి వచ్చి ఫిల్టర్లకు, నాజిళ్ళకు పడుతుంది. పీపాను కాస్త వాలుగా ఉంచి, పై కొసనుండి తీసుకోండి. అడుగున నిలిచినదాన్ని ఆశపడి పిండవద్దు. జాలీ ఉన్న గరాటుతో పోయండి, గుడ్డతో వడకట్టితే దాని నూగు లోపలికి పోతుంది. కాగితపు ఫిల్టరును పెట్రోలుతో కడిగి మళ్ళీ వేసే పొదుపు వద్దే వద్దు. అయిదారు వందల ఫిల్టరును కాపాడబోయి పంపును పోగొట్టుకోవడం అది. కల్తీ నూనె సంగతీ అంతే. పెద్ద పంపులోని కడ్డీలకు డీజిలే కందెన. కిర్సనాయిలు కలిస్తే ఆ జిడ్డు తగ్గి కడ్డీలు గీసుకుపోతాయి.

ఇక టక్కున ఆగే రకం. దగ్గు లేదు, పొగ లేదు, ఎవరో తాళం తీసినట్టు ఆగుతుంది, ఎక్కువగా గతుకుల్లోనే. కొన్ని బండ్లలో ఇంజను ఆపడానికి లాగే బొత్తం ఉంటుంది, కొన్నింటిలో తాళంతో ఆగుతుంది. బొత్తం ఉన్నదైతే దాని తీగ తుప్పుపట్టి, పూర్తిగా వెనక్కు వెళ్ళకుండా సగంలో నిలబడి ఉంటుంది. కుదుపుకు మరికాస్త జారి పంపును మూసేస్తుంది. బొత్తం నెట్టి, పంపు మీది చిన్న చెయ్యి చివరిదాకా పోయిందో లేదో కంటితో చూడండి. పోకపోతే తీగకు నూనె వేయండి, స్ప్రింగు మార్చండి. తాళంతో ఆగే బండిలో పంపు మీద కరెంటుతో పనిచేసే చిన్న కవాటం ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపూ అది డీజిలును వదులుతుంది. వైరు వదులై క్షణం కరెంటు తెగిందా, బండి ఆగుతుంది.

దీన్ని పట్టడానికి 12 వోల్టుల చిన్న బల్బుకు రెండు వైర్లు కట్టి, ఒకటి ఆ కవాటం మీది వైరుకు, రెండోది బండి ఇనుముకు తగిలించి, బల్బు మీకు కనపడేలా కట్టుకుని నడపండి. బండి ఆగడంతోనే బల్బూ ఆరితే రోగం వైర్లలో ఉంది: తాళం, ఫ్యూజు, బ్యాటరీ కొసలు, సీటు కింద ఉండే స్విచ్చి వరుసగా చూడండి. బల్బు వెలుగుతుండగానే బండి ఆగితే వైర్ల జోలికి పోకండి, తిరిగి డీజిలు దారికి రండి. కొందరు ఈ బాధ పడలేక బ్యాటరీనుండి నేరుగా వైరు లాగి కవాటానికి కట్టేస్తారు. అప్పుడు తాళం తీసినా ఇంజను ఆగదు. మనిషి బట్ట షాఫ్టులో చిక్కుకున్న క్షణాన ఆపలేని ఇంజను ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

నల్లపొగతో ఆగేదానికి గాలి చాలడం లేదు. మినుము, జొన్న నూర్పిళ్ళప్పుడు ఈ ఫిర్యాదు ఎక్కువ. నూనెగిన్నె ఉన్న గాలి ఫిల్టరైతే అందులోని నూనె బురద అయిందేమో చూసి, కడిగి, గీత వరకే పోయండి. గీత దాటి పోస్తే ఇంజను ఆ నూనెనే పీల్చి అదుపుతప్పి తిరగవచ్చు.

మూలుగుతూ ఆగేది మాత్రం భయపడవలసినది. వేడికి పిస్టన్లు పట్టేస్తున్నాయన్నమాట. చల్లారాక మళ్ళీ తిరుగుతుంది గనుక రైతు తేలిగ్గా తీసుకుంటాడు. ఇలా రెండుమూడుసార్లయితే ఇంజను మొత్తం విప్పవలసి వస్తుంది. రేడియేటరు రెక్కల్లో పొట్టు, దుమ్ము పేరుకున్నాయేమో చూసి, ఇంజను వైపునుండి బయటకు గాలికొట్టి శుభ్రం చేయండి. ఫ్యాను బెల్టును నడుమ వేలితో నొక్కితే సుమారు సెంటీమీటరు, సెంటీమీటరున్నర లోపలికి పోవాలి, అంతకు మించితే వదులు. కాగిన ఇంజను మీద చన్నీళ్ళు పోయవద్దు, ఇనుము పగులుతుంది. రేడియేటరు మూత వెంటనే తీయవద్దు, ముఖం కాలుతుంది. ఇంజనాయిలు కొలపుల్లను కూడా ఒకసారి వాసన చూడండి. మట్టం పెరిగి డీజిలు కంపు కొడుతోందా? ఇంజనుకు బిగించిన ఫీడు పంపులోని రబ్బరు పొర చిరిగి, డీజిలు కిందికి, నూనెలోకి దిగుతుండవచ్చు. ఒకేసారి రెండు నష్టాలు: పైన ఇంజనుకు డీజిలు చాలదు, కింద పలచబడిన నూనెతో బేరింగులు అరుగుతాయి. ఆ పొర మార్చి, నూనె మొత్తం తీసి కొత్తది పోసిన తరువాతే నడపాలి.

ఇవన్నీ చూశాకే పెద్ద పంపు వంతు. అరిగిన పంపు చల్లగా ఉన్నప్పుడు పనిచేస్తుంది. వేడెక్కాక డీజిలు పలచబడి సందుల్లోంచి జారిపోయి ఒత్తిడి చాలదు. అందుకని పొద్దున ఒక్క తాళానికే లేచిన బండి, మధ్యాహ్నం ఆగాక గంటసేపు చల్లారితే గాని లేవదు. గాలి లేదని, డీజిలు పంపుదాకా తేటగా వస్తోందని రూఢి చేసుకుని, ఆగిన బండి పంపు మీద తడిగుడ్డ కాసేపు కప్పి చూడండి. దానితో లేస్తే అనుమానం పంపు మీదే. ఇక విప్పించండి, అయితే పరీక్ష బల్ల ఉన్న చోటనే. పంపు మీది సీలు వేసిన స్క్రూలు ఇంటి దగ్గర తిప్పవద్దు. అందులోని కడ్డీలు మిల్లీమీటరులో వెయ్యో వంతుల లెక్కన ఒదిగి ఉంటాయి.

పాత బండి కొనబోయేవారు ఇదే జ్ఞానాన్ని బేరానికి ముందు వాడుకోవచ్చు. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి వేసి చూడండి. వెచ్చగా ఉంటే మీ కోసం ముందే స్టార్టు చేసి ఉంచారు, మరో రోజు చెప్పకుండా వెళ్ళండి. ఫిల్టరు మీది గాలి స్క్రూల తలలు చూడండి. అవి నలిగి గుండ్రబడి ఉంటే ఆ యజమాని చాలాసార్లు గాలి తీసుకున్నాడన్నమాట. ఆయన నోరు ఏం చెప్పినా స్క్రూ అబద్ధం చెప్పదు. జాయింట్లకు జిగురు, టేపు చుట్టి ఉన్నా అంతే. ట్యాంకులో పావువంతు నూనె మాత్రమే ఉంచి, గంటసేపు నాగలి వేసి లాగించమనండి. గంటల మీటరు తక్కువ చూపిస్తూ క్లచ్చి పెడలు రబ్బరు అరిగిపోయి ఉంటే మీటరును నమ్మవద్దు. ఆర్.సి.లో బ్యాంకు అప్పు నమోదై ఉంటే అది తీరినట్టు కాగితం చూడనిదే బయానా ఇవ్వవద్దు.

రోగం దొరికేదాకా ఆ బండిని ట్రక్కు తగిలించి రోడ్డెక్కించకండి. నూనె సాయంతో తిరిగే స్టీరింగు ఉన్న బండిలో ఇంజను ఆగితే చక్రం ఒక్కసారిగా బరువెక్కుతుంది. ఏటిగట్టు ఎక్కుతుండగా ఆగితే ట్రక్కు బరువు వెనక్కు లాగుతుంది. అట్టి వేళ క్లచ్చి తొక్కకండి, బ్రేకు రెండు పెడళ్ళూ కలిపి తొక్కి, చేతిబ్రేకు వేసి, పక్కనున్న మనిషి చేత చక్రాల కింద రాళ్ళు పెట్టించాకే దిగండి. రాత్రయితే ట్రక్కు వెనుక ఎర్రగా మెరిసే పలకలు తప్పనిసరి. అంత దూరానే కనపడాలి, దగ్గరకొచ్చాక కనపడి ప్రయోజనం లేదు.

ఈ పనులు చేతితో చేసి నేర్చుకోదలచినవారికి మన దగ్గరే ఒక చోటు ఉంది. వ్యవసాయ యంత్రాల శిక్షణకు, పరీక్షకు కేంద్రప్రభుత్వం 1955లో మధ్యప్రదేశ్‌లోని బుధనిలో ఒక సంస్థను నెలకొల్పింది. దక్షిణాదికోసం అటువంటిదే 1983లో అనంతపురం జిల్లా గార్లదిన్నెలో పెట్టారు. రైతులకు, యువకులకు అక్కడ ట్రాక్టర్లు నడపడం, విప్పి బిగించడం నేర్పుతారు. వెళ్ళేవారు ముందుగా ఉత్తరం రాసి తరగతుల తేదీలు తెలుసుకుని బయలుదేరండి. మీ బండి కాగితం కూడా వెంట తీసుకువెళ్ళండి, ఎన్నింటికి ఆగిందో, ఎలా ఆగిందో రాసుకున్నది.